కృత్రిమ డిస్క్‌కు పేటెంట్: పాతకూ కొత్తకూ మధ్య హద్దు

మనిషి వెన్నెముకలో మెడ మొదలు నడుము దాకా 24 వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి నిలిచి ఉంటాయి. మెడలో అన్నిటికంటే పైనున్న రెండు పూసల మధ్య తప్ప, పూసకూ పూసకూ మధ్య ఒక్కో డిస్క్ ఉంటుంది. డిస్క్ చుట్టూ గట్టి నార పొరలు ఉంటాయి. లోపల నీరు ఎక్కువగా ఉన్న మెత్తని గుజ్జు ఉంటుంది. వంగినా, లేచినా, బరువెత్తినా, పక్కకు తిరిగినా ఆ ఒత్తిడిలో పెద్ద భాగాన్ని ఈ డిస్కులే భరిస్తాయి.

వయసు పెరిగేకొద్దీ గుజ్జులో నీరు తగ్గుతుంది. డిస్క్ పలచబడుతుంది. నార పొర చిట్లితే గుజ్జు బయటికి పొడుచుకువచ్చి పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. నడుములో పుట్టి కాలిలోకి దిగే నొప్పికి చాలామందిలో ఇదే కారణం. ఎక్కువమందికి మందులతో, వ్యాయామంతో, కొంత కాలానికి ఆ నొప్పి తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం ఆపరేషన్ తప్పదు. ఎంతోకాలంగా ఉన్న పద్ధతి ఫ్యూజన్. అంటే పాడైన డిస్కును తీసేసి, పై పూసనూ కింది పూసనూ ఒకే ఎముకగా అతుక్కునేలా చేయడం. నొప్పి తగ్గవచ్చు. కానీ ఆ చోట కదలిక పోతుంది. ఆ కదలికను కాపాడాలన్న ప్రయత్నంలోంచి పుట్టిందే కృత్రిమ డిస్క్.

ఇలాంటి డిస్కును ఒక డాక్టరో, ఇంజనీరో కొత్తగా రూపొందించి పేటెంట్ అడిగినప్పుడు, పేటెంట్ ఆఫీసు ఏం చూస్తుంది? ఏది చూడదు? ఎక్కడ ఒప్పుకుంటుంది, ఎక్కడ కాదంటుంది? ఈ ప్రసంగం ఆ పరీక్ష గురించే.

అన్నిటికంటే ముందు ఒక సంగతి స్పష్టం కావాలి. పేటెంట్ పరీక్ష వైద్య పరీక్ష కాదు. ఆ డిస్క్ రోగికి మేలు చేస్తుందా, ఎన్నేళ్ళు మన్నుతుందా, ఒంట్లో పెడితే ప్రమాదమా అన్నవి పేటెంట్ ఆఫీసు తేల్చే విషయాలు కావు. మన దేశంలో ఆ పని కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థది. వైద్య పరికరాల కోసం 2017లో వచ్చిన నిబంధనల కింద ఆ సంస్థ అనుమతి ఇస్తుంది. పేటెంట్ ఆఫీసు చూసేది వేరు. ఈ వస్తువు లోకానికి ఇదివరకే తెలుసా? తెలియకపోతే, తెలిసినవాటి నుంచి ఎవరికైనా సులువుగా తట్టేదేనా?

కాబట్టి ఒక కృత్రిమ డిస్కుకు పేటెంట్ వచ్చిందంటే అది మంచిదని ప్రభుత్వం ముద్ర వేసినట్టు కాదు. పేటెంట్ వచ్చినంత మాత్రాన దాన్ని అమ్మే అనుమతి కూడా రాదు. పేటెంట్ ఇచ్చేది ఒక్కటే. పేటెంట్ పొందిన వారి అనుమతి లేకుండా ఇతరులు ఆ వస్తువును తయారుచేయకుండా, అమ్మకుండా, దిగుమతి చేయకుండా ఆపే హక్కు. ఆ హక్కు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు ఉంటుంది. దానికి బదులుగా ఆవిష్కర్త తన పరికరాన్ని ఎలా చేయాలో దాచకుండా రాసి ఇవ్వాలి. గడువు తీరాక ఎవరైనా దాన్ని చేసుకోవచ్చు.

పాతది ఏమిటో తెలిస్తేనే కొత్తది ఏమిటో తెలుస్తుంది. అందుకే కృత్రిమ డిస్క్ చరిత్ర మొత్తం పరీక్ష చేసే అధికారి బల్ల మీదికి వస్తుంది. ఆ చరిత్రలో మూడు మజిలీలు చూస్తే పరీక్ష తీరు అర్థమవుతుంది.

మొదటిది స్వీడన్‌లో. ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్ అనే సర్జన్ పాడైన డిస్కును తీసేసి, ఆ ఖాళీలో ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ గోళీని పెట్టారు. తన అనుభవాన్ని 1966లో ప్రచురించారు. గోళీ మీద పూస కదులుతుంది. కానీ గోళీ ఎముకను తాకే చోటు చాలా చిన్నది. బరువంతా ఆ చిన్న చోట పడి, గోళీ మెల్లగా ఎముకలోకి దిగబడిపోయేది. ఆ పద్ధతి నిలవలేదు. అయినా వెన్నులో లోహపు గోళీ పెట్టాలన్న ఆలోచన లోకానికి తెలిసిపోయింది. విఫలమైన ఆలోచన కూడా తెలిసిన ఆలోచనే. పేటెంట్ పరీక్షలో ఈ సంగతిని మరిచిపోకూడదు.

రెండోది తూర్పు బెర్లిన్‌లో. అక్కడి షారిటే ఆసుపత్రిలో 1980లలో కరిన్ బ్యూట్నర్-యాన్స్, కుర్ట్ షెల్‌నాక్ కలిసి మరో తీరు డిస్కును రూపొందించారు. బ్యూట్నర్-యాన్స్ డాక్టరే కాదు, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన జిమ్నాస్ట్ కూడా. ఆమె సహ ఆవిష్కర్తగా ఉన్న ఈ డిస్కులో పైన ఒక లోహపు పలక, కింద ఒక లోహపు పలక ఉంటాయి. రెండింటి మధ్య, రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉన్న పాలిథిలీన్ కోర్ ఉంటుంది. ఆ కోర్ పలకల మధ్య జారుతుంది. పలకల అంచున చిన్న పళ్ళుంటాయి. అవి ఎముకను పట్టుకుంటాయి. 1984లో ఇలాంటి డిస్కును తొలిసారి మనిషికి అమర్చారు. 1988లో అమెరికా పేటెంట్ వచ్చింది. అమెరికాలో దాన్ని వాడేందుకు ఆహార, ఔషధ సంస్థ అనుమతి 2004లో గానీ రాలేదు. రెండు పరీక్షలూ వేర్వేరని చెప్పడానికి ఈ రెండు తేదీలు చాలు.

మూడోది ఫ్రాన్స్‌లో. తియరీ మార్నే అనే సర్జన్ ప్రోడిస్క్ అనే డిస్కును రూపొందించారు. 1990లో అది రోగులకు అమర్చడం మొదలైంది. ఇందులో ప్లాస్టిక్ గుబ్బ కింది పలకకు బిగించి ఉంటుంది. పై పలక దాని మీద తిరుగుతుంది. పలకలు ఎముకను పట్టుకోవడానికి పళ్ళ బదులు నిలువు రెక్కలున్నాయి. మొదటి ప్రోడిస్క్‌లో ఒక్కో పలకకు రెండేసి రెక్కలు. తర్వాత వచ్చిన రెండో ప్రోడిస్క్‌లో ఒక్కో పలకకు ఒకటే రెక్క. రెండు రెక్కలు ఒకటయ్యాయి. వినడానికి ఇది చిన్న మార్పు. దీని మీద ఎంత పెద్ద వివాదం నడిచిందో ముందు ముందు తెలుస్తుంది.

ఇక దరఖాస్తు సంగతి. మన దేశంలో పేటెంట్ ఆఫీసులు కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నైలలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసుల దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి. దరఖాస్తులో ముఖ్యమైన పత్రం స్పెసిఫికేషన్. అందులో పరికరం వివరణ ఉంటుంది. బొమ్మలుంటాయి. చివర్లో క్లెయిములుంటాయి.

పరీక్ష అంతా ఈ క్లెయిముల చుట్టూనే తిరుగుతుంది. పొలం దస్తావేజులో చెక్కుబందీ ఎలాగో, పేటెంట్‌లో క్లెయిమ్ అలాగ. తూర్పున ఫలానా వారి పొలం, పడమర ఫలానా కాలువ అని రాసినట్టు, తన హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆవిష్కర్త మాటల్లో గీసి చూపాలి. మాటలు తక్కువైతే హద్దు విశాలమవుతుంది. మాటలు పెరిగితే హద్దు కుంచించుకుపోతుంది. హద్దు మరీ విశాలంగా గీస్తే అందులోకి ఇతరుల పాత వస్తువులు వచ్చి పడతాయి. అప్పుడు ఆ క్లెయిమ్ నిలవదు.

ఒక ఊహా దరఖాస్తును తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. ఈ రోజుల్లో ఒక ఇంజనీరు ఇలా క్లెయిమ్ రాశారని అనుకోవచ్చు. “వెన్నుపూసల మధ్య అమర్చే కృత్రిమ డిస్క్. అందులో పైన ఒక లోహపు పలక, కింద ఒక లోహపు పలక, రెండింటి మధ్య రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉన్న పాలిథిలీన్ కోర్, ఒక్కో పలక మీద ఎముకలో దిగేలా ఒకే ఒక నిలువు రెక్క.” అంతే క్లెయిమ్. ఇందులో నాలుగు అంగాలున్నాయి. పై పలక, కింది పలక, మధ్య కోర్, ఒకే రెక్క. ఈ నాలుగింటినీ శ్రోతలు గుర్తుంచుకుంటే తక్కిన కథ సులువుగా సాగుతుంది.

దరఖాస్తు మామూలుగా 18 నెలలకు పేటెంట్ జర్నల్‌లో ప్రచురితమవుతుంది. అప్పటి నుంచి అది ఎవరైనా చదవగల పత్రం. అయితే దరఖాస్తు పెట్టినంత మాత్రాన పరీక్ష మొదలవదు. పరీక్ష జరపమని విడిగా కోరాలి. 2024లో మారిన నిబంధనల ప్రకారం, కొత్త దరఖాస్తులకు ఆ కోరిక 31 నెలల్లోపు అందాలి. అందకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. ఎంతో శ్రమపడి రూపొందించిన పరికరం మీద, ఒక ఫారం సకాలంలో ఇవ్వనందువల్ల హక్కు పోగొట్టుకోవడం బాధాకరం. కాబట్టి ఈ గడువును ఆవిష్కర్తలు మరిచిపోకూడదు.

కోరిక అందాక దరఖాస్తు ఒక ఎగ్జామినర్ చేతికి వస్తుంది. ఎగ్జామినర్ మొదటి పని వెతుకులాట. ప్రపంచంలోని పేటెంట్లన్నిటినీ విషయాల వారీగా విభజించిన అంతర్జాతీయ వర్గీకరణ ఒకటుంది. అందులో వెన్నెముక కృత్రిమ కీళ్ళకు, డిస్కులకు విడిగా ఒక గది ఉంది. దాని గుర్తు ఏ61ఎఫ్ 2/44. ఎగ్జామినర్ ఆ గదిలో వెతుకుతారు. అంతటితో ఆగరు. స్క్రూలు, పలకలు వేరే వర్గంలో ఉంటాయి. తుంటి, మోకాలి కీళ్ళు పక్క వర్గాల్లో ఉంటాయి. లోహానికీ పాలిథిలీన్‌కూ జత కట్టించిన ఆలోచన తుంటి కీలు నుంచే వెన్నులోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ 1962లోనే గట్టి పాలిథిలీన్‌ను తుంటి కీలులో వాడారు. అందువల్ల డిస్కును పరీక్షించే ఎగ్జామినర్ తుంటి కీలు పేటెంట్లు కూడా తిరగేయాల్సిందే.

పాత పేటెంట్లే కాదు, వైద్య పత్రికల్లో వచ్చిన వ్యాసాలు, పుస్తకాలు, గ్రంథాలయంలో చేరిన థీసిస్‌లు, కంపెనీల క్యాటలాగులు, సదస్సుల్లో చదివిన పత్రాలు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఏ దేశంలో అచ్చయినా, ఏ భాషలో ఉన్నా సరే. ఒక్కటే షరతు. దరఖాస్తు తేదీకి ముందే అది లోకానికి అందుబాటులో ఉండాలి. దీన్నే పేటెంట్ల వాళ్ళు ప్రయర్ ఆర్ట్ అంటారు. అంటే ఆ తేదీ నాటికి లోకానికి తెలిసిందంతా.

మొదటి ప్రశ్న కొత్తదనం. దీనికి నియమం సూటిగా ఉంటుంది. క్లెయిమ్‌లోని అంగాలన్నీ ఒకే పాత పత్రంలో కనిపిస్తే ఆ క్లెయిమ్ కొత్తది కాదు. ఒక్క అంగం కనిపించకపోయినా, ఆ పత్రంతో పోలిస్తే క్లెయిమ్ కొత్తదే. మన ఊహా క్లెయిమ్‌ను షారిటే డిస్క్ పక్కన పెడితే, పై పలక ఉంది. కింది పలక ఉంది. రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉన్న కోర్ ఉంది. రెక్క మాత్రం లేదు. అక్కడున్నవి పళ్ళు. రెండో ప్రోడిస్క్ పక్కన పెడితే, పలకలున్నాయి, ఒకే రెక్క ఉంది. కానీ గుబ్బ ఒక వైపే ఉబ్బెత్తు, పైగా కింది పలకకు బిగించి ఉంది. అంటే నాలుగు అంగాలూ ఒకే చోట ఈ రెండింటిలోనూ లేవు. ఈ రెండు పత్రాల వరకు చూస్తే క్లెయిమ్ కొత్తదనం పరీక్ష దాటినట్టే.

కానీ కొత్తదనం ఒక్కటే చాలదు. ఇది మళ్ళీ చెప్పుకోదగ్గ మాట. ఇంతకు ముందు సరిగ్గా అలాంటిది లేకపోతే చాలదు. రెండో ప్రశ్న ఉంది. చట్టంలో దాని పేరు ఇన్వెంటివ్ స్టెప్. అప్పటికి ఉన్న జ్ఞానం కంటే సాంకేతికంగా ఒక ముందడుగు ఉండాలి, లేదా ఆర్థికంగా ప్రాధాన్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. దానితోపాటు, ఆ రంగంలో నైపుణ్యమున్న వ్యక్తికి అది తేలికగా తట్టేది కాకూడదు. మన పేటెంట్ చట్టం చెప్పేది ఇదే.

ఆ నైపుణ్యమున్న వ్యక్తి నిజంగా ఎక్కడో ఉన్న మనిషి కాదు. చట్టం ఊహించుకున్న మనిషి. కృత్రిమ డిస్క్ విషయంలో అతనికి వెన్ను ఆపరేషన్లు తెలుసు. లోహాలు, ప్లాస్టిక్కులు తెలుసు. ఆ రంగంలో అచ్చయిన ప్రతి కాగితమూ అతనికి అందుబాటులో ఉంటుంది. మామూలు పనితనం ఉంది, అసాధారణ ప్రతిభ లేదు. అతని ముందు షారిటే డిస్కునూ ప్రోడిస్కునూ పక్కపక్కన పెడితే, ఒకదాని కోర్ తీసి రెండోదాని రెక్కతో జత చేయాలని అతనికి తడుతుందా? మన ఊహా క్లెయిమ్‌కు వచ్చే చిక్కు ఇక్కడే. పళ్ళు చేసే పనీ, రెక్క చేసే పనీ ఒకటే. పలకను ఎముకలో నిలపడం. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టారు. రెక్క రెక్క పనే చేస్తోంది, కోర్ కోర్ పనే చేస్తోంది. రెండూ కలిసినందువల్ల కొత్త ఫలితమేదీ రాలేదు. ఎగ్జామినర్ అభ్యంతరం చెప్పడానికి ఇది చాలు. తెలిసిన పరికరాలను, ఎవరి పని వారు చేసుకునేలా, ఒక చోట చేర్చడం ఆవిష్కరణ కాదని మన చట్టం మూడో సెక్షన్‌లో విడిగా కూడా చెబుతోంది.

సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన ఒక తీర్పు ఈ విషయంలో నేటికీ దారి చూపుతోంది. ఆ కేసు వైద్యానికి సంబంధించింది కాదు. ఇత్తడి పాత్రలను లేత్ మీద పట్టి నునుపు చేసే సాధనానికి సంబంధించింది. తెలిసినదాన్ని మెరుగుపరిచినంత మాత్రాన పేటెంట్ రాదనీ, ఆ మెరుగు వర్క్‌షాపులో మామూలు పనివాడు చేసే సర్దుబాటు కంటే మించి ఉండాలనీ కోర్టు చెప్పింది. ఆ పేటెంట్ నిలవలేదు. పాత్రల సాధనానికి చెప్పిన ఆ సూత్రమే ఈ రోజు వెన్నులో పెట్టే డిస్కుకూ వర్తిస్తుంది.

అయితే ఇక్కడ ఎగ్జామినర్ కూడా జాగ్రత్తగా ఉండాలి. తెలిశాక అంతా తేలికే అనిపిస్తుంది. జవాబు చేతిలో పట్టుకుని వెనక్కి చూస్తే, దారి ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ప్రశ్నను దరఖాస్తు తేదీ నాడు నిలబడి అడగాలి. ఆ రోజు ఏం తెలుసు? ఆ రోజు ఎవరికి తడుతుంది?

రెండు రెక్కలు ఒకటైన ప్రోడిస్క్ కథ దీనికి మంచి ఉదాహరణ. ఒక్కో పలకకు ఒకే రెక్క ఉన్న డిస్కుకు 2005లో అమెరికా పేటెంట్ వచ్చింది. ఒకే రెక్క అన్న మాట క్లెయిమ్‌లోనే ఉంది. తర్వాత మెడ్‌ట్రానిక్ కంపెనీ తయారుచేసిన డిస్కుల మీద దావా నడిచింది. అప్పటికి తెలిసినదాన్ని బట్టి ఇది ఎవరికైనా తట్టేదేనని, కాబట్టి పేటెంటే చెల్లదని ఆ కంపెనీ వాదించింది. అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2010లో ఆ వాదనను ఒప్పుకోలేదు. పేటెంట్ చెల్లుతుందన్న నిర్ణయాన్ని నిలబెట్టింది. అయితే అదే తీర్పులో, మెడ్‌ట్రానిక్ నమూనాల్లో ఒకటి ఈ క్లెయిమ్ హద్దులోకి రాదని కూడా తేల్చింది. క్లెయిమ్‌లోని ఒక్కో మాటకు ఎంత బరువుందో ఈ తీర్పు చూపిస్తుంది.

ఆ రోజున ఒకే రెక్క కొత్త ఆలోచనగా నిలిచింది. ఈ రోజున అదే ఒకే రెక్క పాత సంగతి. కొత్త దరఖాస్తుకు అది అడ్డం. కొత్తదనాన్ని ఎప్పుడూ ఒక తేదీతో కలిపి చూడాలి. పేటెంట్ పరీక్షలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

కృత్రిమ డిస్క్ విషయంలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంకొకటుంది. అది ఆపరేషన్‌కూ పరికరానికీ మధ్య ఉన్న గీత. మన చట్టంలో మూడో సెక్షన్‌లోని ఐ క్లాజు ప్రకారం, మనుషులకు చేసే శస్త్రచికిత్స, చికిత్స పద్ధతులకు పేటెంట్ లేదు. డిస్కుకు పేటెంట్ రావచ్చు. డిస్కును అమర్చే సాధనానికి పేటెంట్ రావచ్చు. పొట్ట ముందు భాగం నుంచి వెళ్ళి, పాత డిస్కును తీసి, ఎముకలో గాడి చెక్కి, కొత్తదాన్ని దించే విధానానికి మాత్రం రాదు. ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడిన సర్జన్ చేతిని పేటెంట్ కట్టేయకూడదన్నది దీని వెనకున్న ఉద్దేశం. యూరప్‌లోనూ ఇదే నియమం. అమెరికాలో శస్త్రచికిత్స పద్ధతులకు పేటెంట్ ఇస్తారు. కానీ 1996లో చేసిన మార్పు వల్ల, ఆ పద్ధతి ప్రకారం ఆపరేషన్ చేసిన డాక్టర్ల మీద, సాధారణంగా, పరిహారం కోసం దావా గెలవలేరు.

అమెరికాలో దీనికి సంబంధించి మరో సున్నితమైన సంగతి ఉంది. మానవ దేహాన్ని ఇముడ్చుకునే క్లెయిమ్‌కు అక్కడ పేటెంట్ లేదు. 2011 చట్టం ఈ మాటను స్పష్టంగా చెప్పింది. అందువల్ల “ఎముకలో దిగి ఉన్న రెక్క” అని క్లెయిమ్‌లో రాస్తే, ఆ ఎముక కూడా క్లెయిమ్‌లో భాగమైపోయిందని ఎగ్జామినర్ అభ్యంతరం చెబుతారు. “ఎముకలో దిగేలా రూపొందించిన రెక్క” అని రాస్తే చిక్కు తీరుతుంది. అప్పుడు హక్కు రెక్క వరకే ఉంటుంది. రోగి ఒంట్లోని ఎముక దాని బయట ఉంటుంది.

ఎగ్జామినర్ చూసే మరో సంగతి వివరణ. ఆవిష్కర్త తన పరికరాన్ని ఇతరులు తయారుచేయగలిగేంత స్పష్టంగా రాయాలి. తనకు తెలిసిన మేలైన పద్ధతిని చెప్పాలి. “సహజమైన డిస్కులాగే కదిలే కృత్రిమ డిస్క్” అని క్లెయిమ్ రాస్తే ఎగ్జామినర్ ఒప్పుకోరు. అది కోరిక. కావలసిన ఫలితం. ఏ నిర్మాణం వల్ల అలా కదులుతుంది? కోర్ ఏ పదార్థంతో చేశారు? పలక వంపు ఎంత? “తగినంత మెత్తగా” అంటే ఎంత మెత్తగా? ఈ ప్రశ్నలకు స్పెసిఫికేషన్‌లో జవాబుండాలి. జవాబు లేని చోట లోకానికి అందిన జ్ఞానం లేదు. జ్ఞానం అందని చోట 20 ఏళ్ళ హక్కు ఇవ్వడంలో న్యాయం లేదు.

ఈ అభ్యంతరాలన్నీ ఒక నివేదికగా దరఖాస్తుదారుకు వెళతాయి. దాన్ని మొదటి పరీక్ష నివేదిక అంటారు. పేటెంట్ ఏజెంట్లు ఎఫ్ఈఆర్ అని పిలుస్తారు. జవాబివ్వడానికి ఆరు నెలల గడువుంటుంది. అవసరమైతే పొడిగింపు అడగవచ్చు. ఈ నివేదిక వచ్చిందని ఆవిష్కర్తలు కుంగిపోనక్కర్లేదు. తిరస్కరణ ఇంకా జరగలేదు. సంభాషణ మొదలైందంతే.

మన ఊహా ఇంజనీరు దగ్గరికి మళ్ళీ వెళితే, ఆయన తన స్పెసిఫికేషన్‌ను తిరిగి చదువుతారు. అందులో ఒక బొమ్మ ఉంది. రెక్క పలకకు కదలకుండా అతికి లేదు. పలక మీద ఒక చిన్న గాడి ఉంది. రెక్క ఆ గాడిలో కొద్దిగా ఎడమకో కుడికో జరుగుతుంది. సరైన చోటికి వచ్చాక ఒక స్క్రూతో బిగిస్తారు. ఎందుకిలా? ఆపరేషన్‌లో ఎముక మీద చెక్కిన గాడి నడిమధ్య నుంచి కొంచెం పక్కకు పోతే, రెక్కతోపాటు డిస్క్ మొత్తం పక్కకు పోతుంది. ఈ నిర్మాణంలో రెక్క ఎముక గాడిలోనే ఉంటుంది, పలకను మాత్రం మధ్యకు సర్దవచ్చు. అది సమస్య. ఇది దానికి పరిష్కారం.

ఆయన తన క్లెయిమ్‌ను కుదిస్తారు. ఒకే రెక్క అన్న చోట, గాడిలో పక్కకు జరిపి బిగించగల ఒకే రెక్క అని రాస్తారు. హద్దు చిన్నదైంది. కానీ ఇప్పుడు ఆ హద్దులో ఉన్నది ఆయనదే. ఇలా మార్చడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఒక షరతు ఉంది. మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌లో ఆ సంగతి ఉండి తీరాలి. దరఖాస్తు పెట్టాక తట్టిన కొత్త ఆలోచనను మధ్యలో చేర్చడం కుదరదు. అందుకే మొదటి రోజునే బొమ్మలూ, వివరాలూ, ప్రత్యామ్నాయాలూ పూర్తిగా రాసి ఉంచాలి. మొదటి రోజు రాయనిది తర్వాత అక్కరకు రాదు.

ఎగ్జామినర్ మళ్ళీ వెతుకుతారు. ఈసారి జరిగే రెక్క కోసం. దాన్ని చూపే పత్రం దొరక్కపోతే, ఆ దారి చూపే సూచన కూడా ఎక్కడా కనిపించకపోతే, అభ్యంతరం తొలగుతుంది. ఇంకా సందేహం మిగిలితే పేటెంట్ ఆఫీసులో పై అధికారి అయిన కంట్రోలర్ ముందు హియరింగ్ జరుగుతుంది. తుది నిర్ణయం కంట్రోలర్‌దే. దరఖాస్తు ప్రచురితమయ్యాక, పేటెంట్ మంజూరయ్యే లోపు, ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. పోటీ కంపెనీయే కానక్కర్లేదు. మంజూరును ప్రచురించాక కూడా, ఆసక్తి ఉన్న వారు ఏడాది లోపు వ్యతిరేకించవచ్చు. ఎగ్జామినర్ కంటపడని పాత పత్రం ఒక్కోసారి ఇలా బయటపడుతుంది. కంట్రోలర్ తిరస్కరిస్తే దరఖాస్తుదారు హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాల డాక్టర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు మనసులో పెట్టుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆవిష్కర్త సొంత మాటే ఆవిష్కర్తకు అడ్డు కావచ్చు. కొత్త డిస్కును తయారుచేసిన ఉత్సాహంలో, దరఖాస్తు పెట్టకముందే పత్రికలో వ్యాసం రాస్తే, యూట్యూబ్‌లో వీడియో పెడితే, అది ప్రయర్ ఆర్ట్ అయిపోతుంది. విజ్ఞాన సంఘం ముందు ఆవిష్కర్త చదివిన పత్రం లాంటి కొన్ని సందర్భాల్లో మన చట్టం 12 నెలల వెసులుబాటు ఇస్తుంది. కానీ అది అన్ని ప్రచురణలకూ వర్తించదు. యూరప్‌లో సదస్సులో చదివిన పత్రానికి అలాంటి వెసులుబాటు లేదు. అందువల్ల క్రమం ఇలా ఉండాలి. ముందు దరఖాస్తు. తర్వాత ప్రచురణ. ముందు దరఖాస్తు, తర్వాతే ప్రచురణ.

ఈ పరీక్ష సరిగ్గా జరగడం రోగులకు కూడా అవసరం. హద్దు మరీ విశాలంగా మంజూరైతే, ఒకే కంపెనీ పాత సంగతిని కూడా తనదని చెప్పుకుంటుంది. మెరుగైన డిస్క్ చేయగల మరో ఇంజనీరు ఆగిపోతారు. ధర దిగదు. హద్దు మరీ ఇరుకుగా గీస్తే, నిజంగా కొత్తది కనిపెట్టిన వారికి ప్రతిఫలం దక్కదు. ఏళ్ళ తరబడి పరీక్షలు చేయించి, అనుమతులు తెచ్చి, ఆ డిస్కును ఆసుపత్రి దాకా చేర్చే ఖర్చు పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. రెండు తప్పుల భారమూ చివరికి నడుం నొప్పితో మంచం మీదున్న మనిషి మీదే పడుతుంది.

క్లుప్తంగా చెప్పాలంటే, కృత్రిమ డిస్క్ మంచిదా, సురక్షితమా అని తేల్చేది వైద్య నియంత్రణ సంస్థ. అది కొత్తదా, తేలికగా తట్టేదా అని తేల్చేది పేటెంట్ ఆఫీసు. కొత్తదనాన్ని ఒక్కో పాత పత్రంతో విడివిడిగా పోల్చి చూస్తారు. తేలికగా తట్టేదా అన్నదాన్ని పాత పత్రాలన్నిటినీ కలిపి చూస్తారు. రెండింటినీ దరఖాస్తు తేదీ నాడు నిలబడి చూస్తారు. పరికరానికి హక్కు వస్తుంది, ఆపరేషన్ పద్ధతికి రాదు. క్లెయిమ్‌లోని మాటలు ఎంత వరకు వెళతాయో హక్కు అంత వరకే వెళుతుంది. ఆ హక్కు గడువు తీరిన రోజున, దరఖాస్తులో రాసి ఉన్న ప్రతి వివరమూ, ప్రతి బొమ్మా, తర్వాతి డిస్కును చేసే వారందరికీ సొంతమవుతుంది.